పాత క్లారినెట్ ఏ శ్రుతిలో పుట్టింది?

ఏప్రిల్ నెల, శనివారం పొద్దున, మ్యూనిక్‌లో తెరేజియన్‌వీజె మైదానంలో పాత సామాన్ల సంత అనుకోండి. ఇత్తడి కొవ్వొత్తి స్తంభాల పక్కన ఒక పెట్టె. లోపలి ముఖమల్ గుడ్డ చిరిగింది, కానీ అందులో నల్లచెక్క క్లారినెట్ నిగనిగలాడుతోంది. అమ్మే ఆయన తొంభై యూరోలంటాడు, మీరు అరవై అంటారు, డెబ్బైకి బేరం తెగుతుంది. ఇంటికొచ్చి రీడు కట్టి ఊదితే గొంతు బాగానే ఉంది. ఫోన్లో తంబూరా పెట్టగానే తేడా మొదలవుతుంది. స్వరం పక్కన స్వరం నిలబడదు. తప్పు మీ ఊదుడులో ఉందా, వాయిద్యంలో ఉందా? రెంటిలోనూ లేకపోవచ్చు. ఆ క్లారినెట్‌ను చేసినవాడు వేరే శ్రుతికి చేసి ఉండొచ్చు. అలాంటప్పుడు మీరు ఏడాది సాధన చేసినా, రిపేరుకు మూడొందల యూరోలు పోసినా ఆ తేడా పోదు. అందుకే పాత క్లారినెట్ చేతికి రాగానే “ఇది బాగుందా?” అని అడగకండి. “దీన్ని ఏ శ్రుతికి చేశారు?” అని అడగండి.

ఈ ప్రశ్న మనకు కొత్తదేం కాదు. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో పలికే తిమిరి నాదస్వరాన్నీ, పొడుగ్గా, తగ్గు శ్రుతిలో పలికే బారి నాదస్వరాన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు విషయం సగం అర్థమైనట్టే. రెండూ నాదస్వరాలే, రెండూ మంచివే. తిమిరిని బారి శ్రుతికి దించి వాయించమని ఎవరూ అడగరు. క్లారినెట్‌లో చిక్కేమిటంటే, రెండు రకాలూ చూపుకు ఒకేలా ఉంటాయి, పొడవులో తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే, పేరు కూడా ఒకటే. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచిన వాదం ఒక్కటే: పాత క్లారినెట్ శ్రుతిని దాని మీది ముద్ర గానీ, ఫోన్లో ఒక స్వరానికి కనిపించిన అంకె గానీ చెప్పలేవు. గొట్టం మొత్తం మూసి ఊదే పొడవు స్వరాలూ, వేళ్లెత్తి ఊదే పొట్టి స్వరాలూ ఒకే దిక్కుకు ఒకే మోతాదులో తప్పినప్పుడు కనిపించే అంకే దాని అసలు శ్రుతి.

లెక్కలో దిగేముందు కొన్ని అంకెలు గుర్తుపెట్టుకోవాలి. పాశ్చాత్యులు శ్రుతిని ‘ఎ’ అనే స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న దాన్నిబట్టి చెబుతారు. నేటి అంతర్జాతీయ ప్రమాణం 440 హెర్ట్జ్. 1939లో లండన్ సమావేశం దాన్ని సిఫారసు చేసింది, 1955లో ఐ.ఎస్.ఓ. ఖాయం చేసింది. దానికి ముందు ఫ్రాన్స్ 1859లో 435ను చట్టం చేసింది. 1885లో వియన్నాలో కూడిన దేశాలు అదే ఒప్పుకున్నాయి. జర్మన్ వాయిద్యాల ప్రస్తావనలో ‘నార్మాల్‌ష్టిమ్ముంగ్’, ‘పారిజర్ ష్టిమ్ముంగ్’ అన్న మాటలు కనబడితే అవి ఈ 435 వైపు చూపిస్తున్నాయి. సైనిక బ్యాండ్లు, ఊరి బ్యాండ్లు మాత్రం తమ దారి వదల్లేదు. బ్రిటిష్ సైన్యం 452.5 దగ్గర 1920ల చివరిదాకా ఉండిపోయింది. అమెరికాలో హెచ్చు శ్రుతి 457 దాకా వెళ్లింది. బవేరియా, ఆస్ట్రియా బ్యాండ్లలో ‘హోహె ష్టిమ్ముంగ్’, అంటే హెచ్చు శ్రుతి, ఆర్కెస్ట్రాలు వదిలేశాక కూడా చాలాకాలం బతికింది. ఇప్పుడు జర్మన్ ఆర్కెస్ట్రాలు 442, 443 దగ్గర శ్రుతి చేసుకుంటున్నాయి. ఈ దూరాలను కొలవడానికి సెంటు అనే కొలత వాడతారు. మనకు ఎకరానికి వంద సెంట్లు ఉన్నట్టే, హార్మోనియం మీద నల్లమెట్టుకూ దాని పక్క తెల్లమెట్టుకూ మధ్య వంద సెంట్లు. ఆ లెక్కన 435 అనేది 440 కంటే ఇరవై సెంట్లు కింద. 443 పన్నెండు సెంట్లు పైన. 452.5 నలభై ఎనిమిది సెంట్ల పైచిలుకు, అంటే దాదాపు అర ఎకరం. 457 అరవై ఆరు సెంట్లు.

“ఐదు హెర్ట్జ్ తేడా ఎవరి చెవికి తెలుస్తుంది?” అని కొందరు కొట్టిపారేస్తారు. ఒంటరిగా వాయిస్తే నిజంగానే తెలియదు. కానీ పక్కన ఇంకో వాయిద్యం 440లో అదే స్వరం పట్టుకున్నప్పుడు, 435 వాయిద్యం దానితో కలిసి సెకనుకు ఐదుసార్లు అల్లాడుతుంది. తంబూరా తీగ రెండోదానితో సరిగ్గా కలవనప్పుడు వినిపించే ఆ ఊగులాటే ఇది. 452.5 వాయిద్యమైతే సెకనుకు పన్నెండు ఊపులు దాటుతాయి. దాన్ని ఇక ఊగులాట అని కూడా అనలేం, గరగర అనాలి.

1. ముద్రను చదవండి, తీర్పు మాత్రం రాసేయకండి.

బ్రిటిష్, అమెరికన్ వాయిద్యాల మీద ‘హెచ్.పి.’, ‘ఎల్.పి.’ అని కనబడితే అవి హెచ్చు, తగ్గు శ్రుతుల గుర్తులు. హెచ్.పి. మాటను దాదాపుగా నమ్మొచ్చు. ఎల్.పి. మాత్రం జారుడు మాట. అమెరికాలో సంగీతకారుల సంఘం 440ని ఒప్పుకున్నది 1917లో. దానికి ముందటి ‘తగ్గు’ 435 కూడా కావొచ్చు. జర్మన్ వాయిద్యాల మీద చాలాసార్లు శ్రుతి గుర్తే ఉండదు, స్వరం అక్షరం మాత్రం ఉంటుంది. ఆ అక్షరం దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. జర్మన్లు బి ఫ్లాట్‌ను ఉత్త ‘బి’ అని రాస్తారు, ‘బే’ అని పలుకుతారు. మామూలు బి స్వరానికి వాళ్లు ‘హెచ్’ వాడతారు. కాబట్టి జర్మన్ క్లారినెట్ మీద ‘బి’ అని ఉంటే అది మనమందరం ఎరిగిన బి ఫ్లాట్ క్లారినెట్టే. ఈ సంగతి తెలియక “నా వాయిద్యం అరస్వరం తప్పింది” అని బెంగపెట్టుకోవద్దు.

ఊరి పేరు మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ముద్రలో మ్యూనిక్ అని ఉన్నా, అది కొట్టువాడి పేరే కావొచ్చు. సరుకు మార్క్‌నాయ్‌కిర్షెన్‌లోనో, సరిహద్దు అవతల గ్రాస్లిట్స్‌లోనో తయారై, అమ్మేవాడి పేరు వేయించుకుని వచ్చి ఉండొచ్చు. నిజంగా మ్యూనిక్‌లో పుట్టిన క్లారినెట్‌లకు మాత్రం గొప్ప చరిత్రే ఉంది. 1811లో వేబర్ తన క్లారినెట్ కచేరీ రచనలు మూడూ ఇక్కడి ఆస్థాన వాద్యకారుడు హైన్‌రిష్ బేర్మన్ కోసమే రాశాడు. ఆయన కొడుకు కార్ల్ బేర్మన్, ఈ ఊరి వాయిద్య శిల్పి గేయోర్గ్ ఒట్టెన్‌ష్టైనర్ కలిసి 1860 ప్రాంతంలో పద్దెనిమిది కీల క్లారినెట్ రూపొందించారు. 1891లో స్వరకర్త బ్రామ్స్ చేత మళ్లీ కలం పట్టించిన మైనింగెన్ వాద్యకారుడు రిషార్డ్ మ్యూల్‌ఫెల్ట్ వాయించింది ఒట్టెన్‌ష్టైనర్ చేతి పనితనాన్నే. అలాంటి ముద్ర మీకు దొరికితే అదృష్టమే. కానీ “మ్యూనిక్, పందొమ్మిదో శతాబ్దం, కాబట్టి 435” అని రాసేసుకోవడం తొందరపాటు. ఒట్టెన్‌ష్టైనర్ చనిపోయింది 1879లో, వియన్నా సమావేశం జరిగింది 1885లో.

“తయారైన సంవత్సరం తెలిస్తే శ్రుతి తెలిసినట్టే కదా?” అన్న వాదన కూడా ఇక్కడే వీగిపోతుంది. ఒకే కర్మాగారం ఒకే ఏడాది బ్యాండ్లకు హెచ్చు శ్రుతిలో, ఆర్కెస్ట్రాలకు తగ్గు శ్రుతిలో చేసి అమ్మేది. అలా కాకపోతే హెచ్.పి., ఎల్.పి. అని వేరువేరు ముద్రలు కొట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. అటునుంచి చూసినా అంతే. 440 చూపించినంత మాత్రాన అది 1939 తరవాతి వాయిద్యం అయిపోదు. క్రేఫెల్ట్ పట్టు వ్యాపారి యోహాన్ షైబ్లర్ 440ని ప్రతిపాదించింది 1834లోనే, ష్టుట్‌గార్ట్‌లో.

2. చలి వదిలాకే కొలవండి.

సంతలోనే ఫోను తీసి, రెండు స్వరాలూది, “443 చూపిస్తోంది, భేషు” అని డబ్బులిచ్చేసేవాళ్లు చేసే తప్పు ఇదే. గాలి చల్లబడితే ధ్వనివేగం తగ్గుతుంది. సిద్ధాంతం ప్రకారం గొట్టంలో గాలి ఒక డిగ్రీ చల్లబడితే శ్రుతి దాదాపు మూడు సెంట్లు దిగుతుంది. మన ఊపిరి వెచ్చన ఆ తేడాను కొంత పూడుస్తుంది గానీ, పది డిగ్రీల ఉదయం ఇప్పుడే పెట్టెలోంచి తీసిన క్లారినెట్ ఇరవై సెంట్లకు పైగా కిందికి పలకడం మామూలే. ఇప్పుడు లెక్క చూడండి. అసలు నలభై ఎనిమిది సెంట్లు పైన ఉండాల్సిన హెచ్చు శ్రుతి వాయిద్యం, చలికి ముప్ఫై సెంట్లు దిగి పద్దెనిమిది దగ్గర కనబడితే, మీ ఫోను 444 పైచిలుకు చూపిస్తుంది. అక్టోబరులో మరియాహిల్ఫ్‌ప్లాట్స్‌లో జరిగే ఆవర్ డుల్ట్ తిరునాళ్లలో ఇది నేటి ఆర్కెస్ట్రా వాయిద్యంలా మిమ్మల్ని మురిపిస్తుంది. ఇంట్లో హీటర్ పక్కన కూర్చోగానే అసలు రంగు బయటపెడుతుంది.

వేడి ఎంత మెలిక పెట్టగలదో చెప్పడానికి ఒక పాత ఉదంతం చాలు. ఫ్రెంచివారి 435 అంకె పదిహేను డిగ్రీల గది కోసం నిర్ణయించింది. 1890ల్లో బ్రిటన్‌లో తగ్గు శ్రుతికి మారేటప్పుడు, కచేరీ హాలు ఇరవై డిగ్రీలుంటుంది కదా అని వేడికి సవరణ లెక్కగట్టి 439ని తేల్చారు. ఒకే ప్రమాణాన్ని రెండు గదుల్లో చదివితే రెండు అంకెలు వచ్చాయన్నమాట. కాబట్టి మీ కొలత కాగితం మీద అంకె పక్కన గది ఉష్ణోగ్రత తప్పకుండా రాయండి. ఇరవై ఒకటి, ఇరవై రెండు డిగ్రీల గదిలో వాయిద్యాన్ని గంటసేపు ఉంచి, చేతులతో వెచ్చబరిచి, ఐదు నిమిషాలు మెల్లగా ఊది, అప్పుడు కొలవండి. ఏళ్ల తరబడి ఎండిపోయిన చెక్కను ఒక్కసారిగా అరగంట ఊదితే పగుళ్లు రావొచ్చు, జాగ్రత్త. సంతలో దొరికిన మౌత్‌పీస్‌ను గోరువెచ్చని నీళ్లతో కడగండి, వేడినీళ్లు పోస్తే ఎబొనైట్ వంకరపోతుంది. ఇంకో మాట, మ్యూనిక్ అపార్ట్‌మెంట్లో ఆదివారం పరీక్ష పెట్టుకునే ముందు ఇంటి నియమాల కాగితం ఒకసారి చూసుకోండి. పక్కింటివాళ్లకు మీ పరిశోధన మీద మీకున్నంత ఆసక్తి ఉండకపోవచ్చు.

3. నాలుగు స్వరాలు పట్టండి, ఒక్కదాన్ని నమ్మకండి.

అసలు పని ఇక్కడుంది. మౌత్‌పీస్‌కూ పై గొట్టానికీ మధ్య ఉండే పొట్టి ముక్కను మనం బ్యారెల్ అంటాం, ఇక్కడి వాద్యకారులు ‘బిర్నె’, అంటే బేరిపండు, అంటారు. దాన్ని పూర్తిగా లోపలికి నొక్కండి. ముందు గాలి కారడం లేదని తేల్చుకోండి. పై గొట్టం రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది కొసను అరచేత్తో అదిమి, పైనుంచి గాలి పీల్చండి. రెండు మూడు సెకన్లు పట్టు నిలిస్తే చాలు. కింది గొట్టానికీ ఇలాగే చెయ్యండి. కారుతున్న ప్యాడ్లతో తీసిన కొలతకు అర్థం లేదు.

తరవాత నాలుగు స్వరాలు ఊదండి. అన్ని రంధ్రాలూ మూసి అట్టడుగు స్వరం ఒకటి. ఎడమచేతి బొటనవేలు, మూడు వేళ్లు మాత్రమే మూసి ఒకటి. వేళ్లన్నీ ఎత్తేసి ఒకటి. మళ్లీ అన్నీ మూసి, రిజిస్టర్ కీ నొక్కి ఒకటి. బి ఫ్లాట్ క్లారినెట్‌లో ఈ చివరిదే ‘ఎ’గా వినబడుతుంది, అంటే సరిగ్గా 440 స్వరం. ఊదేటప్పుడు ఫోను తెర మీకు కనబడకూడదు. ముల్లు చూస్తూ ఊదితే పెదవులు మనకు తెలియకుండానే ముల్లును మధ్యకు లాగుతాయి, ఇరవై సెంట్లు అలా దాచేయడం వాటికి ఓ లెక్క కాదు. స్నేహితుణ్ణి కూర్చోబెట్టి రాయించండి. మీరు నేర్చుకుంటున్నవారైతే, పది పదిహేనేళ్లు ఊదినవారి చేత ఊదించండి. ఒక్కో స్వరాన్నీ మూడుసార్లు ఊది, మధ్య అంకె తీసుకోండి.

ఇప్పుడు అంకెల్ని ఎలా చదవాలి? గదిలో ఇరవై రెండు డిగ్రీలు, ట్యూనర్ 440 మీద ఉంది అనుకుందాం. నాలుగు స్వరాలకూ వరసగా +46, +50, +52, +44 వచ్చాయి. అన్నీ పైకే తప్పాయి, దాదాపు ఒకే మోతాదులో తప్పాయి. ఎంత మంచి క్లారినెట్‌లోనైనా స్వరానికీ స్వరానికీ పది పదిహేను సెంట్ల తేడా ఉంటుంది కాబట్టి ఈ చిన్న హెచ్చుతగ్గుల్ని వదిలేయండి. ఈ వాయిద్యం తనతో తాను చక్కగా కలిసి ఉంది. లోకంతోనే కలవడం లేదు. ఇది 452 ప్రాంతపు హెచ్చు శ్రుతి క్లారినెట్, అనుమానం అక్కర్లేదు.

ఇంకో కాగితం చూడండి: -12, -19, -28, -12. తొందరపడేవాళ్లు సగటు కట్టి, “పద్దెనిమిది సెంట్లు కింద, అంటే 435, ఆహా, వియన్నా నాటి వాయిద్యం” అని సంబరపడతారు. కానీ ఈ అంకెలు ఒకే మోతాదులో లేవు. పొడవు స్వరాలు కొంచెం దిగాయి, పొట్టి స్వరాలు బాగా దిగాయి. ఇది శ్రుతి చేసిన పని కాదు, పైన ఎక్కడో గొట్టం పెరిగిన గుర్తు. క్లారినెట్ ఒక కొస మూసిన గొట్టంలా పనిచేస్తుంది. అన్నీ మూసినప్పుడు కంపించే గాలి పొడవు సుమారు 58 సెంటీమీటర్లు, వేళ్లన్నీ ఎత్తినప్పుడు 25కు కొంచెం తక్కువ. పైన బ్యారెల్ ఒక మిల్లీమీటరు పెరిగితే పొడవు స్వరం మూడు సెంట్లు దిగుతుంది, పొట్టి స్వరం ఏడు సెంట్లు దిగుతుంది. నాలుగు మిల్లీమీటర్లు పెరిగితే? పన్నెండు, ఇరవై ఎనిమిది. మన కాగితం మీది అంకెలు సరిగ్గా అవే. అంటే ఇది శుద్ధమైన 440 వాయిద్యం. అసలు బ్యారెల్ ఎప్పుడో పోయింది, ఎవరో నాలుగు మిల్లీమీటర్లు పొడవైనది తగిలించారు. ఆ మేరకు పొట్టి బ్యారెల్ వేస్తే రోగం కుదురుతుంది. ఇదే లెక్క మౌత్‌పీస్‌కూ వర్తిస్తుంది. పాత వాయిద్యానికి లోపలి గది పెద్దగా ఉన్న మౌత్‌పీస్ పెడితే పొట్టి స్వరాలు ముందుగా కుంగుతాయి. అందుకే అంకెలు తగువులాడుకుంటే పొడవు స్వరాల సాక్ష్యానికే నేను ఎక్కువ విలువిస్తాను. బ్యారెల్, మౌత్‌పీస్ మార్పిళ్లు వాటిని అంత తేలిగ్గా కదిలించలేవు.

ఇక్కడే అందరూ అడిగే ప్రశ్న వస్తుంది: “హెచ్చు శ్రుతి అయితే ఏమైంది? బ్యారెల్ కాస్త బయటికి లాగితే దిగుతుంది కదా!” దిగుతుంది, ఒక్క స్వరం. 452.5 క్లారినెట్‌లో అన్నీ మూసిన ‘ఎ’ స్వరాన్ని 440కి దించాలంటే బ్యారెల్‌ను సుమారు పదహారున్నర మిల్లీమీటర్లు లాగాలి. ముక్క ఊడి చేతికొచ్చేంత దూరం అది. సరే, పొడవైన బ్యారెల్ చేయించారనుకోండి. ‘ఎ’ సరిపోయింది. వేళ్లన్నీ ఎత్తిన స్వరం మాత్రం అదే దెబ్బకు నూట పది సెంట్లకు పైగా దిగింది. దిగాల్సింది నలభై ఎనిమిదే కదా, ఇప్పుడది అరవైకి పైగా సెంట్లు కింద ఉంది. పొట్టి గొట్టం చివరి స్వరం నుంచి పొడవు గొట్టం మొదటి స్వరానికి దాటే చోట, అరస్వరం ఉండాల్సిన అడుగు ఒకటిన్నర అరస్వరాన్ని మించిన గెంతుగా మారుతుంది. అర ఎకరం తేడా వచ్చిన పొలాన్ని ఒక గట్టు జరిపి సరిచెయ్యలేం కదా, రంధ్రాలన్నీ వాటి వాటి చోట్ల నుంచి జరగాలి.

ఈ మాటకు మ్యూనిక్‌లోనే పెద్ద సాక్షి ఉన్నాడు. ఈ ఊరివాడైన తేయోబాల్డ్ బోమ్ 1847లో కొత్త వేణువు రూపొందించాక, రంధ్రాలు ఎక్కడ పడాలో తేల్చడానికి ఒక రేఖాపటం గీశాడు. దానికి ఆధారం 435. శ్రుతి మారితే ప్రతి రంధ్రం స్థానాన్నీ ఆ పటం నుంచి కొత్తగా తీసుకోవాలి. ఒక్క కొస జరిపి సరిపెట్టే వీలుంటే ఆయనకు ఆ శ్రమ ఎందుకు? (బోమ్ క్లారినెట్ అని మనం పిలిచేది ఆయన చేసింది కాదు, ఆయన ఉంగరపు కీల ఆలోచనను క్లారినెట్‌కు ఎక్కించింది పారిస్‌లో క్లోజె, బ్యూఫే. ఇది వేరే కథ.)

4. ఊదలేని వాయిద్యమైతే టేపు తీయండి.

ప్యాడ్లు రాలిపోయాయి, ఊదే పరిస్థితి లేదు, కానీ రిపేరుకు ఇచ్చేముందే శ్రుతి తెలియాలి. అప్పుడు ఇంకో నేటి బి ఫ్లాట్ క్లారినెట్‌ను అరువు తెచ్చి పక్కన పడుకోబెట్టండి. ఫ్రెంచి రకానికి ఫ్రెంచి రకం, జర్మన్ రకానికి జర్మన్ రకం ఉండాలి. రెంటికీ మౌత్‌పీస్, గొట్టం కొలతలు వేరు కాబట్టి కలగాపులగం చేస్తే తప్పు జవాబే వస్తుంది. మొత్తం పొడవు ఒక్కటే కొలిచి ఊరుకోకండి. బ్యారెల్ తీసేసి, పై గొట్టం అంచు నుంచి ఒక్కొక్క రంధ్రం మధ్యకు ఎంత దూరమో రాయండి. 452.5 వాయిద్యంలో దూరాలన్నీ నూటికి దాదాపు మూడు వంతుల చొప్పున కుదించుకుని ఉంటాయి. ఆ లెక్కన పైరంధ్రాల దగ్గర తేడా చిన్నగా మొదలై, కిందికి పోయేకొద్దీ పెరిగి, బెల్ దగ్గర సెంటీమీటరు దాటుతుంది. రంధ్రాలన్నీ చోటు కదలకుండా బ్యారెల్ మాత్రమే పొట్టిగా ఉంటే, అది మామూలు శ్రుతి వాయిద్యం, ఎవరో ముక్క మార్చారు. జర్మన్ రకపు పాత క్లారినెట్‌లను చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే డాయిచెస్ మ్యూజియంలో సంగీత వాయిద్యాలున్న గదుల్లో ఒక గంట గడపండి. అక్కడ టేపు తీయనివ్వరనుకోండి.

5. ‘ఎ’ క్లారినెట్ ఉచ్చులో పడకండి.

ఇది తెలిసినవాళ్లనూ పట్టేసే ఉచ్చు. అన్నీ మూసి ఊదారు, ట్యూనర్ బి ఫ్లాట్ క్లారినెట్‌కు రావాల్సిన స్వరం కంటే ముప్ఫై ఐదు సెంట్లు కింద చూపించింది. నాలుగు స్వరాలూ ఒకే మోతాదులో ఉన్నాయి. మరి ఇది 431లో పుట్టిన బి ఫ్లాట్ క్లారినెట్టా? కాకపోవచ్చు. ఆర్కెస్ట్రా వాద్యకారుల దగ్గర బి ఫ్లాట్‌కు జోడీగా అరస్వరం కింద పలికే ‘ఎ’ క్లారినెట్ కూడా ఉంటుంది. ‘ఎ’ అంటే వంద సెంట్లు కింద, 457 హెచ్చు శ్రుతి అంటే అరవై ఆరు సెంట్లు పైన. కలిపితే ముప్ఫై నాలుగు కింద. రెండు కథలకూ ఒకే అంకె! టేపు కూడా ఇక్కడ సాయపడదు, ఎందుకంటే ఒకే స్వరం పలికే రెండు గొట్టాలు ఒకే పొడవుంటాయి. ఏం చెయ్యాలి? అక్షరం ముద్ర ఉందేమో భూతద్దం పెట్టి చూడండి, బెల్ మీదా, రెండు గొట్టాల మీదా, బ్యారెల్ మీదా. పెట్టెలో ఇంకో క్లారినెట్‌కు గూడు ఉంటే ఇది జోడీలో ఒకటని తెలుస్తుంది. ముద్ర లేకపోతే సంభావ్యత మీద తేల్చండి. ఈ రకం వాయిద్యాలు తయారైన కాలంలో 431 ఎక్కడా చట్టంగా లేదు, 457 మాత్రం అమెరికా బ్యాండ్లంతటా ఉంది. అమెరికన్ పేరున్న వాయిద్యమైతే నా ఓటు హెచ్చు శ్రుతి ‘ఎ’ క్లారినెట్‌కే.

పరీక్ష అయింది, హెచ్చు శ్రుతి అని తేలింది. డెబ్బై యూరోలు నీళ్లపాలేనా? మీరు ఎక్కడ వాయించాలనుకుంటున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. పేటలోని బ్యాండులో చేరాలనుకుంటే, అవును, ఇది పనికిరాదు, రిపేరు మీద ఒక్క యూరో కూడా పెట్టకండి. హార్మోనియం పక్కనా కుదరదు. కానీ కర్ణాటక సంగీతానికి 440 అనే కట్టుబాటు ఎప్పుడూ లేదు. షడ్జమం ఎక్కడ పెట్టుకుంటే అదే షడ్జమం. ఫోన్లో తంబూరాను నలభై ఎనిమిది సెంట్లు పైకి జరపండి, తోడు వాయించే వయొలిన్‌ను అక్కడికి బిగించమనండి, మృదంగాన్నీ అదే శ్రుతికి తట్టుకోమనండి. కీబోర్డు ఉంటే మాస్టర్ ట్యూన్ అనే అమరిక అక్కడిదాకా వెళ్తుందేమో చూడండి. తనతో తాను కలిసి ఉన్న 452 క్లారినెట్, బ్యారెల్ మార్చి మార్చి చెడగొట్టిన 440 క్లారినెట్ కంటే మోహన రాగానికి వెయ్యిరెట్లు నయం. మూడో పరీక్షలో అంకెలు చెదిరిపోయి, సరైన బ్యారెల్, మౌత్‌పీస్ పెట్టినా దారికి రాని వాయిద్యం మాత్రం ఏ సంగీతానికీ అక్కరకు రాదు, దాన్ని గోడకు తగిలించండి.

వాయిద్యాన్ని ఉంచుకున్నా, అమ్మేసినా, ఒక చీటీ రాసి పెట్టెలో పెట్టండి. గది 22 డిగ్రీలు, బ్యారెల్ ఎన్ని మిల్లీమీటర్లు, మౌత్‌పీస్ పాతదా కొత్తదా, ఆ నాలుగు అంకెలు. క్లైన్‌అన్‌త్సైగెన్ ప్రకటనల సైట్‌లో అమ్మకానికి పెడితే ప్రకటనలో అవే రాయండి. “పాతది, మంచి స్థితిలో ఉంది” అన్న వాక్యం కంటే +46, +50, +52, +44 అన్న వరస కొనేవాడికి ఎక్కువ చెబుతుంది.